గంగమణి పేరు మీద

పదకొండవ భాగం

గంగమణి చాట ముట్టక ఆ రోజుకు మూడో రోజు.

ఈ ఇంటికి కోడలిగా వచ్చిన పన్నెండేళ్ళలో నవత ఇలాంటిది చూడలేదు. మామ ఆత్మారాం పోయినప్పుడు కూడా దినాలు కాగానే అత్త ఒళ్ళో చాట పెట్టుకుని కూర్చుంది. జ్వరం వస్తే నుదుటికి గుడ్డ బిగించుకుని బీడీలు చుట్టింది. అలాంటి మనిషి ఇప్పుడు గోడకు ఆనుకుని, కాళ్ళు చాపుకుని, గడప అవతలి ఎండను చూస్తూ కూర్చుంది. తడిపిన తునికాకు కత్తెర పడకుండా గోనెసంచిలోనే ఉంది.

"అత్తమ్మా, జర చాయ్ తాగు. పొద్దుగాలసంది ఏం ముట్టలే."

"ఒద్దు."

"రేపు దవాఖానకు పోవాలె. కడుపుల ఏదన్న పడాలె గద."

"రేపటి ముచ్చట రేపు సూద్దాం తియ్."

నవత చాయ్ గ్లాసు అత్త పక్కనే పెట్టి తన చాట ముందుకు లాక్కుంది. ఆకు చుట్టడం, దారం కట్టడం, మూతి మడవడం. రోజూ ఇద్దరి వేళ్ళ చప్పుడుండే ఇంట్లో ఒక్కదాని చప్పుడే వినపడుతోంది. కూతురు సంజన గురుకులంలో ఆరో తరగతి. మొగుడు దేవిదాస్ చెరుకు లారీ మీద బోధన్ దిక్కున ఉంటాడు, నరుకుడు మొదలైతే వారానికి ఒక్కసారి ఇల్లు చూస్తే గొప్ప. మిగిలింది అత్తా కోడళ్ళు. ఆ ఇద్దరి మధ్య ఒక కాగితం వచ్చి పడింది.

కాగితం గూట్లో, దేవుడి పటం వెనక ఉంది. సోమవారం నాడు ఆశా కార్యకర్త సుకన్య తెచ్చి ఇచ్చింది. పైన గంగమణి పేరు, బీడీ కార్డు నంబరు. కింద, బీడీ కార్మికుల క్యాంపులో చేసిన గర్భసంచి మూతి పరీక్షలో తేడా కనబడింది కాబట్టి గురువారం పొద్దున సర్కారు దవాఖానకు రావాలి అని ఉంది. క్యాన్సర్ అనే మాట అందులో ఎక్కడా లేదు. "క్యాన్సర్ కాదు అత్తా, అది రాకముందే పట్టుకునేటందుకు చేసే పరీక్ష" అని సుకన్య మూడుసార్లు చెప్పింది. గంగమణి మూడుసార్లూ మొదటి ముక్కే విన్నది. ఆ పూట నుంచి చాట ముట్టలేదు.

ఆ కాగితం గంగమణిది కాదు. నవతది. ఆ సంగతి ఈ భూమ్మీద నవత ఒక్కదానికే తెలుసు.

ఇది ఎలా జరిగిందని గల్లీలో ఎవరినడిగినా నవ్వేస్తారు. బీడీలు చుట్టే ఇళ్ళల్లో కార్డు ఒకటి, చేతులు నాలుగు. గంగమణి వయసులో ఉన్నప్పుడు కంపెనీ ఇచ్చిన కార్డు అది. తర్వాత వచ్చిన కోడళ్ళకు కొత్త కార్డు ఇస్తామంటూనే ఏళ్ళు గడిపారు. అందుకని నవత చుట్టిన బీడీలూ అత్త కార్డు మీదే పోతాయి. బీడీలు అప్పజెప్పే చోట కమీషన్‌దారు లింబయ్య "గంగమణీ!" అని కేకేస్తే నవత గంప ముందుకు జరిపి "ఆఁ" అంటుంది. పన్నెండేళ్ళుగా అంటూనే ఉంది. ఇప్పుడు బయట ఎవరైనా ఆ పేరు పిలిచినా తల దానంతటదే తిరుగుతుంది.

పోయిన నెల కార్ఖానా ఆవరణలో క్యాంపు పెట్టారు. కార్డున్న వాళ్ళకే అన్నారు. పొద్దున గంగమణి కార్డు పట్టుకుని పోయింది. బీపీ చూసుకుంది, కళ్ళు చూపించుకుంది, వేలికి సూది గుచ్చితే అమ్మో అన్నది. ఆడవాళ్ళ పరీక్ష కూడా ఉంది, ఉండమంటే "గియన్ని నాకెందుకమ్మా" అని చెంగు దులుపుకుని వచ్చేసింది. మధ్యాహ్నం అదే కార్డు పట్టుకుని నవత పోయింది. వాళ్ళిచ్చిన దూది పుల్ల తీసుకుని తెర చాటుకు పోయి, చెప్పినట్టు చేసి, గొట్టంలో పెట్టి ఇచ్చింది. వయసు గడిలో కార్డు మీద ఉన్నదే ఎక్కించుకున్నారు. ఆ రద్దీలో మొహం ఎవరు చూశారు గనక.

నవతకు నొప్పి లేదు, బాధ లేదు, ఏమీ లేదు. క్యాంపుకు పోయింది చనిపోయిన తల్లిని తలుచుకునే. తల్లి తారాబాయి ఎడపల్లిలో, చెరుకు నరుకుతున్న రోజుల్లోనే పోయింది. ఏడాది పొడుగునా రక్తం పోతుంటే "ఒంట్ల వేడి" అన్నారు, మజ్జిగ తాగించారు. ఆ రోగానికి పేరేమిటో నవతకు ఇప్పటికీ ఎవరూ చెప్పలేదు. అందుకే క్యాంపు అనగానే కాళ్ళు అటు నడిచాయి.

సోమవారం నాడే చెప్పేస్తే అయిపోయేది. సుకన్య గుమ్మంలో ఉంది, పక్కింటి వాళ్ళు గోడ మీద నుంచి చూస్తున్నారు, తర్వాత చెబుదాంలే అనుకుంది. తర్వాత అత్త మొహం చూసి నోరు రాలేదు. మంగళవారం ఇంకా రాలేదు.

బుధవారం పది గంటలకు దేవిదాస్ ఫోన్ చేశాడు. నవత ఫోన్ పట్టుకుని వెనక దండెం దగ్గరికి పోయింది.

"ఏమంటుంది అవ్వ?"

"ఏమంటలేదు. తింటలేదు."

"నువ్వు గా సుకన్యను ఇంట్లకెందుకు రానిచ్చినవ్? గల్లీ మొత్తానికి ఎరుకైతది ఇగ."

"నేనెవలకు చెప్పలే."

"నువ్వు చెప్పకుంటే కాయిదం చెప్తది." అవతల లారీ ఇంజను ఆగింది. దేవిదాస్ గొంతు తగ్గింది. "ఇక్కడ మా లారీ క్లీనర్ రాజనర్సుతోని అన్న. వాడేమంటుండు ఎరుకనా? గది మొగోని తోని వచ్చే రోగమట. బాపు పోయి తొమ్మిదేండ్లాయె. మరి అవ్వకు యాడికెళ్ళి వచ్చింది?"

నవత దండెం మీది తువ్వాల గట్టిగా పట్టుకుంది.

"కన్నతల్లిని గట్ల అంటున్నవా?"

"నేనంటున్ననా? లోకం అంటది."

"అదొక వైరసట, ఏండ్ల కింద వచ్చి లోపల్నే పడి ఉంటదట. పెండ్లయిన ఆడోళ్ళల్ల మస్తు మందికి వస్తదట, వచ్చింది ఎరుక గూడ కాకుండ పోతదట. కొందరికే ఉండిపోతదట. సుకన్యక్క చెప్పింది."

"అంటే బాపు తెచ్చిండంటవా?"

"నేను గట్లనలే."

"మరేమంటున్నవ్?"

ఏమన్నా ఈ మనిషి దాన్ని ఎవరో ఒకరి నెత్తిన పెట్టాలనే చూస్తున్నాడు. చచ్చిపోయిన తండ్రి నెత్తిన పెట్టడానికి మనసు రాదు. బతికున్న తల్లి నెత్తిన పెట్టడానికి మాత్రం రాజనర్సు చెప్పిన ఒక్క మాట సరిపోయింది.

"చిన్నప్పుడే పెండ్లి, వరుస కాన్పులు, తంబాకు గాలి, గివన్ని గూడ ఉంటయట," అన్నది మెల్లగా.

"నువ్వు డాక్టర్‌వి కాకు. రేపు తీస్కపోకు. బోధన్ల ఒకాయన మందిస్తడు, మంచి పేరున్నది. శనివారం లోడు దింపి వస్త, నేనే తీస్కపోత."

"రేపే రమ్మని రాసిండ్రు."

"రాస్తరు. వాళ్ళకేం పని. నేనొచ్చే దాక ఆగుమను."

ఫోన్ పెట్టేశాడు. నవత దండెం దగ్గరే నిలబడిపోయింది. కన్నతల్లిని పట్టుకుని యాడికెళ్ళి వచ్చిందని అడిగినవాడు పెళ్ళాన్ని ఎలా అడుగుతాడో ఊహించడానికి పెద్ద తెలివి అక్కర్లేదు. ఆరు నెలలు ఇంట్లో ఉండని మొగుడిని తానూ ఒక మాట అడగవచ్చు. నువ్వు యాడికెళ్ళి తెచ్చినవ్ అని. ఆ ప్రశ్న నాలుక దాకా వచ్చింది, కానీ అప్పటికే ఫోన్ ఆగిపోయింది. ఆగకపోయినా అడిగేది కాదు. అంత ధైర్యం తనకు లేదని ఆమెకు తెలుసు.

ఎవరితోనైనా చెప్పుకుంటే బాగుండునని మొట్టమొదటిసారి గట్టిగా అనిపించింది. ఎవరితో? తల్లి లేదు. తండ్రితో ఇలాంటివి మాట్లాడరు. బీడీలు అప్పజెప్పే చోట పాతిక మంది ఆడవాళ్ళు తెలుసు, ఆ పాతిక మందికీ ఆమె గంగమణి కోడలే.

మధ్యాహ్నం నీళ్ళ గది తలుపు చాలాసేపు తెరుచుకోలేదు.

"అత్తమ్మా?"

బట్టను రాయికేసి రుద్దే చప్పుడు మాత్రం వస్తోంది. నవత తలుపు తోసింది, గొళ్ళెం పెట్టలేదు. గంగమణి నేల మీద కూర్చుని ఉంది. బకెట్‌లో నీళ్ళు ఎర్రగా ఉన్నాయి. నవతను చూసి బకెట్ మీద చీర చెంగు కప్పబోయింది. చెంగు నీళ్ళలో పడింది.

నవత వంగి ఆ చెంగును నీళ్ళలోంచి తీసింది.

"ఎన్ని దినాలసంది?" నవత అడిగింది.

"నీకెందుకే?"

"అత్తమ్మా, ఎన్ని దినాలసంది?"

"బతుకమ్మ పండుగ కాన్నుంచి."

అంటే నాలుగు నెలలు కావస్తోంది. అప్పటి నుంచే అత్త తన బట్టలు తానే ఉతుక్కోవడం మొదలుపెట్టింది. "నీ ఉతుకుడు నాకు నచ్చుతలేదు" అని కసిరింది కూడా. నవత దాన్ని కోపమనుకుంది. తనకూ కోపం వచ్చి, సరే ఉతుక్కోమని ఊరుకుంది.

"బంద్ అయి పన్నెండేండ్లాయె," అన్నది గంగమణి. "నువ్వొచ్చిన ఏడే బంద్ అయింది. గిప్పుడు మళ్ళ సురువైంది. ఒంట్ల వేడేమో అనుకున్న."

ఆ మాట వినగానే నవతకు ఎడపల్లిలోని ఇల్లు, మంచం, మంచం కింద మజ్జిగ చెంబు కళ్ళ ముందుకొచ్చాయి.

"నాకు చెప్పద్దా?"

"నీకెట్ల సెప్పాలె? కోడలివి. వానికెట్ల సెప్పాలె? కొడుకు. మీ మామ ఉన్నా సెప్పకపోదును." గంగమణి బట్ట పిండింది, మళ్ళీ నీళ్ళలో వేసింది. "గా కాయిదం రాకపోతే ఎవ్వలకు సెప్పకపోదును నవతా. ఏలికి ఒక్క సూది గుచ్చిండ్రు, గంతే. గా సుక్క రక్తం సూసి లోపలి రోగం మొత్తం పట్టుకున్నరు. సదువుకున్నోళ్ళు సూడు. ఇగ దాసి ఏం లాభం?"

నవత గుమ్మంలోనే కూలబడింది.

"వాడేమన్నడు ఫోన్ల?"

"శనివారం వస్తడట. బోధన్ తీస్కపోతడట. అప్పటి దాక ఆగుమన్నడు."

"వచ్చినప్పుడు వస్తడు. కాయిదం రేపు రమ్మన్నది గద. రేపే పోదాం." గంగమణి చెయ్యి చాపింది. "లేపు నన్ను. మోకాళ్ళు పట్టేసినయ్."

నవత లేపింది. ఆ భారం భుజం మీద పడగానే సంగతి మొత్తం అర్థమైంది. అత్త దవాఖానకు బయలుదేరేది ఆ కాగితం తనదనుకునే. కాగితం నాది అని చెబితే, "హమ్మయ్య, మరి నాకేం లేదు" అని మళ్ళీ చాట ముందు కూర్చుంటుంది. ఎంత మొండిదో నవతకు తెలుసు. చెప్పకుండా ఊరుకుంటే అత్తకు వైద్యం అందుతుంది. తన ఒంట్లోది మాత్రం తన ఒంట్లోనే, ఎవరి పేరూ లేకుండా, పెరుగుతూ ఉంటుంది. తారాబాయిని తీసుకుపోయినట్టే తననూ తీసుకుపోతుందేమో. సంజనకు పదకొండేళ్ళు.

సాయంత్రం కాకముందే బీడీల గంప ఇచ్చొస్తానని చెప్పి నవత బస్తీ దవాఖానకు పోయింది. సుకన్య ఒక్కతే బల్ల ముందు కూర్చుని రిజిస్టర్ రాస్తోంది.

"రా నవతా. అత్త ఎట్లుంది? రేపు తోలుకొస్తున్నవ్ గద?"

"వస్తున్నం." నవత కూర్చోలేదు. "అక్కా, ఒక ముచ్చట. ఒకల పేరు మీద ఇంకొకలు పరీక్ష ఇస్తే ఏమైతది?"

సుకన్య తలెత్తింది. "ఎవలు?"

"ఎవలు లేరు. ఊకెనే అడుగుతున్న."

"పేరుతోని ఏం పని? దూది పుల్ల ఎవరిదో వాళ్ళే రావాలె. ఇప్పుడొస్తే చిన్న పని. పావుగంట పడతది, అదే దినం ఇంటికి పోవచ్చు. ఏండ్లకేండ్లు ఇడిస్తేనే..." సుకన్య ఆ మాట పూర్తి చేయలేదు.

"మరి బంద్ అయిన ఆడోళ్ళకు మళ్ళ కనపడితే?"

"అత్తకు కనపడుతున్నదా?"

నవత తలూపింది.

"అట్లుంటే కాయిదంతోని పనే లేదు. కాయిదం ఉన్నా లేకున్నా గుంజుకపోవాలె దవాఖానకు." సుకన్య పెన్ను కింద పెట్టింది. "నవతా, నా దిక్కు చూడు. ఆ దినం నేను టీకాలకు పోయిన, క్యాంపుల లేను. మీ అత్త గీ పరీక్షకు ఒప్పుకున్నదంటే నాకప్పుడే నమ్మబుద్ధి కాలే. నిజం చెప్పు, ఎవరిది గది?"

నవత నోరు తెరిచింది. అదే నిమిషంలో చంటిపిల్లలను ఎత్తుకుని ఇద్దరు ఆడవాళ్ళు లోపలికి వచ్చారు. ఒకామె లింబయ్య మేనకోడలు. నవతను చూసి, "ఏం వదినా, ఇక్కడ?" అన్నది.

"ఊకెనే. సుకన్యక్క కాడికి వచ్చిన. పోత మరి."

"నవతా!" సుకన్య పిలిచింది. నవత వినపడనట్టు మెట్లు దిగింది.

గల్లీ మలుపులో ఆగి, వెనక్కి పోదామా అనుకుంది. ఎదురుగా ఆడవాళ్ళు ఖాళీ గంపలతో వస్తూ నవ్వుకుంటున్నారు. అందులో ఒకామె చెయ్యి ఊపింది. నవత కూడా ఊపింది, నవ్వింది కూడా. అంత మంది మధ్య తనకంటూ ఒక్క మనిషి లేదనే సంగతి ఆ పూట ఆమెను కోసేసింది. ఇంటికి పోయి అత్తకు ఇంత జావ కాచి పెట్టింది. గంగమణి మూడు రోజుల తర్వాత గ్లాసు ఖాళీ చేసింది.

గురువారం పొద్దున ఆటోలో పోయారు. పసుపు యార్డు దగ్గర బండ్లు అడ్డం పడి ఆటో చాలాసేపు ఆగింది. గంగమణి ముక్కుకు చెంగు అడ్డం పెట్టుకుని, పోయిన ఏడాది ఒక పెళ్ళికి కట్టిన చీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ, "మంచి చీర కట్టుకోమంటివి, వాళ్ళు ఇప్పిస్తరేమో" అన్నది. నవతకు నవ్వొచ్చింది. గంగమణి కూడా నవ్వింది.

దవాఖానలో ఆడవాళ్ళ విభాగం ముందు పొడుగాటి బల్ల. ఇరవై మంది దాకా ఉన్నారు. ఎవరి చేతిలో వాళ్ళ కాగితం, ఎవరూ పక్కవాళ్ళది చూడటం లేదు. గంగమణి గోడ వైపు జరిగి కూర్చుంది.

"నన్ను పదమూడేండ్లకే ఇచ్చిండ్రు," అన్నది ఉన్నట్టుండి. "నలుగురు పుట్టిండ్రు. అందరు ఇంట్లనే. ఇద్దరు దక్కిండ్రు. ఒక్కనాడు గిసుంటి తావుకు రాలే. మీ మామ తోలుకస్త అననూ లేదు, నేను అడగనూ లేదు."

"ఇప్పుడొచ్చినవ్ గద అత్తమ్మా."

"వచ్చిన." గంగమణి చెయ్యి వచ్చి నవత చేతి మీద పడింది. ఆకు కత్తిరించీ కత్తిరించీ గట్టిపడిన వేళ్ళు. పన్నెండేళ్ళలో ఆ చెయ్యి కూర గిన్నె అందించింది, కార్డు అందించింది, సంజన పుట్టినప్పుడు పిల్లను అందించింది. ఊరికే ఇలా పట్టుకుని కూర్చోవడం ఎప్పుడూ లేదు.

"ఒక్కటి సెప్తున్న విను," అన్నది. "నాకు వచ్చిందని నాకు పెద్ద రంధి లేదు. నా పని అయిపాయె. నీకు రాలే, గదే సాలు. నీకొస్తే నా సంజన ఏం గావాలె? దేవుడు సూసి సూసి ఇచ్చిండు."

"అత్తమ్మా" అన్నది. తర్వాతి మాట నోట్లోనే ఉంది. ఇప్పుడు చెబితే ఈ ముసలామె లేచి, చీర కుచ్చిళ్ళు పట్టుకుని, నేరుగా గేటు దాటుతుంది. తలుపు ఇంకా పది అడుగుల దూరంలో ఉంది. లోపలికి పోనీ. ముందు లోపలికి పోనీ.

"ఏందే?"

"ఏం లేదు. నీళ్ళు తాగుతవా?"

"గంగమణి!" తలుపు దగ్గర నర్సు కేకేసింది.

నవత సగం లేచింది. అలవాటు. గంగమణి ఆమె భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టి, "నన్ను పిలిస్తే నువ్వెందుకు లేస్తవే" అని తానే లేచింది. చెప్పులు నవత కాళ్ళ దగ్గర విడిచి లోపలికి పోయింది. తలుపు మూసుకుంది.

పావుగంట గడిచింది. అరగంట గడిచింది. నవత ఒళ్ళో సంచి పెట్టుకుని తలుపునే చూస్తూ కూర్చుంది. లోపలికి పోయి చెప్పేస్తాను అనుకుంది. శనివారం రాబోయే దేవిదాస్ మొహం కళ్ళ ముందు మెదిలింది. ఇంకోసారి వచ్చి చూపించుకుంటాలే అనుకుంది. ఇంకోసారి ఎవరి పేరు మీద వస్తుంది?

"గంగమణి తోని ఎవరొచ్చిండ్రు? లోపలికి రండి."

లోపల ఒక బల్ల, పక్కన ఆకుపచ్చ తెర. తెర వెనక మంచం మీద గంగమణి గాజుల చప్పుడు. బల్ల దగ్గర డాక్టరమ్మ కూర్చుని ఉంది, వయసు పెద్దగా లేదు. ముందు క్యాంపు నుంచి వచ్చిన ఫైలు తెరిచి ఉంది.

"మీరేమవుతరు?"

"కోడల్ని."

"చూసిన. చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుతున్నం. అది వచ్చే దాకా నేనేం చెప్పలేను. ఇప్పటికన్న వచ్చిండ్రు, అది మంచిదైంది." డాక్టరమ్మ ఫైలు తన వైపు తిప్పుకుంది. "కాని ఈ క్యాంపు కాగితం నాకు అర్థమైత లేదు. పేరు ఆమెదే. వయసు ఆమెదే. లోపల రాసినవి మాత్రం ఆమెవి కావు."

నవత ఒళ్ళోని సంచిని చంకలోకి జరుపుకుని ఫైలు వైపు చూసింది.

"నెలసరి పదకొండు రోజుల కింద వచ్చిందని ఉంది. ఆమెకు ఆగి పన్నెండేండ్లంట. పెండ్లి పంతొమ్మిదేండ్లకు అని ఉంది. కాన్పు ఒకటి. కడుపులనే పోయినవి రెండు. ఆమె నలుగురిని కన్న అంటున్నది. ఎవరివి ఇవి?"

క్యాంపులో ఆ ప్రశ్నలు అడిగిన పిల్ల గుర్తొచ్చింది. కళ్ళద్దాలు, చేతిలో పెన్ను, తల ఎత్తకుండా అడుగుతూ పోయింది. నవత ఒక్కటి కూడా దాచకుండా చెప్పింది. రాసుకునేది గంగమణి పేరు కింద గదా, తనను ఎవరు గుర్తుపడతారు అనే ధైర్యంతో, ఎన్నడూ ఎవరితో అననివి కూడా చెప్పేసింది. చెబుతుంటే ఎంత తేలికగా అనిపించిందో ఇప్పుడు తలుచుకుంటే భయమేసింది.

"క్యాంపుల తప్పు రాసుకున్నట్టుంది" అంటే చాలు. డాక్టరమ్మ నమ్ముతుంది. ఆ కాగితం కొట్టేసి పక్కన పెడుతుంది. అత్త వైద్యం అత్తకు జరుగుతుంది. ఇల్లు ఎలా ఉన్నది అలాగే ఉంటుంది.

"అమ్మా, మిమ్మల్నే. ఎవరివి?"

"నావి," అన్నది నవత.

"ఏంది?"

"అవి నావి డాక్టరమ్మా. పరీక్ష ఇచ్చింది నేను. కార్డు అత్తమ్మది. నా పేరు నవత."

డాక్టరమ్మ ఆమెను చూసింది, తెర వైపు చూసింది, మళ్ళీ ఆమెను చూసింది. తిట్టలేదు. సొరుగులోంచి ఖాళీ కాగితం తీసి బల్ల మీద పెట్టి, "నవత" అని పైన రాసింది. "ఇయ్యాలనే చూస్త. ఎక్కడికి పోకు. భయపడే పని కాదు, ఆలస్యం చేస్తేనే భయం" అన్నది.

తెర వెనక గాజుల చప్పుడు ఆగిపోయింది. నవత ఆ ఆకుపచ్చ బట్టనే చూస్తూ నిలబడింది. ఇప్పుడు తెర తీసుకుని అత్త లేచి వస్తుందనుకుంది. కార్డు పరువు తీసినవ్ అంటుంది, మూడు దినాలు నన్ను చంపినవ్ అంటుంది, దేవిదాస్ అడిగిన మాటే అడుగుతుంది. ఏది అన్నా పడటానికి సిద్ధపడింది.

"నవతా." గొంతు చాలా మెల్లగా వచ్చింది.

"ఆఁ, అత్తమ్మా."

"పోయినవి రెండు అన్నది గద డాక్టరమ్మ?"

నవత తెర వైపు ఒక అడుగు వేసింది.

"సంజన ఎన్క ఒకటి పోయింది. గప్పుడు నేనే ఉంటి నీ పక్కపొంటి. గది నాకెరుకనే." మంచం కిర్రుమంది. తెర కింద గంగమణి పాదాలు నేలను వెతుక్కుంటూ కనిపించాయి. "రెండోది నాకెరుక లేదు. ఎప్పుడు పోయింది బిడ్డా? ఎవలున్నరు గప్పుడు నీ తాన?"